ఫాంటసీ రచయితల్లో ఎవరి రాత బాగుంది? పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతి

హ్యారీ పాటర్ రాసిన రౌలింగ్ బాగా రాస్తారా, పెర్సీ జాక్సన్ రాసిన రిక్ రియోర్డన్ బాగా రాస్తారా? మా అమ్మాయి పెర్సీ జాక్సన్ తప్ప ఇంకేదీ ముట్టుకోవడం లేదు, అంతకంటే మంచి రాత ఎవరిది? సారా జె. మాస్‌కి అంత పేరుంది కదా, నిజంగా అంత బాగుంటుందా? బెంగళూరులో తెలుగు తల్లిదండ్రులు, కాలేజీ పిల్లలు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలివి. ఒక పేరు చెప్పి ఊరుకుంటే అది నా ఇష్టం అవుతుందే తప్ప జవాబు కాదు. అందుకే ఎవరికి వాళ్లు పోల్చి తేల్చుకునే పద్ధతిని వరసగా రాస్తున్నాను.

దీనంతటికీ మూలం ఒక్కటే. పుస్తకాన్ని పుస్తకంతో పోల్చకండి, ఒకే పని చేసే పేజీని పేజీతో పోల్చండి. హీరో కొత్త లోకంలో అడుగుపెట్టే పేజీ పక్కన అలాంటి పేజీనే పెట్టాలి. గొడవ పక్కన గొడవనే పెట్టాలి. అలా పెట్టినప్పుడు చిన్నప్పటి ప్రేమ, సినిమా జ్ఞాపకం, అట్ట మీద పొగడ్తలు కాసేపు పక్కకి తప్పుకుంటాయి. మిగిలేది రాతే.

కావలసినవి:

- పోల్చదలచిన రెండు లేదా మూడు పుస్తకాలు (అంతకంటే ఎక్కువ వద్దు)
- పెన్సిల్, తెల్ల కాగితాలు
- గొంతు రికార్డు చేసుకోవడానికి ఫోను
- పేజీలు ఎంచి, పేర్లు మార్చి ఇచ్చే ఒక సహాయకుడు (అన్నో, చెల్లో, స్నేహితులో)
- తీరిక ఉన్న రెండు వారాంతాలు

1. ఏం పోలుస్తున్నారో ముందు విడదీసుకోండి

"బాగా రాశారు" అనే ఒక్క మాటలో చాలా విషయాలు కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయకపోతే వాదన ఎప్పటికీ తెగదు. ఒకరు కథ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు వాక్యం గురించి మాట్లాడుతుంటారు.

కాగితం మీద ఈ ఆరు రాసుకోండి:

- వాక్యం: మాటల ఎంపిక, లయ, స్పష్టత
- గొంతు: కథ చెబుతున్న మనిషి ఎవరో వినబడుతోందా
- దృశ్యం: చెబుతున్నది కళ్లకు కడుతోందా
- సంభాషణ: మనుషులు వేర్వేరుగా మాట్లాడుతున్నారా
- లోకం: మాయకు నియమం, ఖరీదు ఉన్నాయా
- అల్లిక: ముందు చెప్పినది తర్వాత పనికొస్తోందా

ఒకే రచయిత ఒకదానిలో గట్టిగా, ఇంకోదానిలో మామూలుగా ఉండటం సహజం. రౌలింగ్ మొదటి పుస్తకం (1997)లో హ్యారీ స్నేహితుడు రాన్ దగ్గర ఒక ముసలి ఎలుక ఉంటుంది. దాని అసలు సంగతి మూడో పుస్తకం (1999)లో బయటపడుతుంది. అంత ముందుచూపు అల్లికలో గొప్పతనం. అదే పుస్తకాల్లో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, "కోపంగా అన్నాడు", "మెల్లగా అంది" అంటూ క్రియా విశేషణాలు తోకలా వస్తుంటాయి. అది వాక్యంలో బలహీనత. ఈ రెండూ కలిపి పదికి ఎనిమిది అని మార్కు వేస్తే రెండింటి గురించీ ఏమీ చెప్పనట్టే.

2. పోల్చదగ్గ పుస్తకాలనే ఎంచుకోండి

ఇక్కడ తొందరపడితే తర్వాత పడే శ్రమంతా వృథా. నాలుగు చూడాలి.

మొదటిది, ఎవరి కోసం రాశారన్నది. తొలి హ్యారీ పాటర్, పెర్సీ జాక్సన్ సిరీస్‌లో మొదటిదైన 'ద లైట్నింగ్ థీఫ్' (2005), రోషనీ చోక్షి 'అరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్' (2018) ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం రాసినవి. లీ బార్డుగో 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015), హాలీ బ్లాక్ 'ద క్రూయల్ ప్రిన్స్' (2018) టీనేజి పిల్లలవి. షాపులో ఇవన్నీ ఒకే అరలో కనిపిస్తాయి. పదేళ్ల పిల్లవాడి కోసం రాసిన చిన్న వాక్యాన్ని పదహారేళ్ల వాళ్ల పుస్తకం పక్కన పెట్టి "పసితనంగా ఉంది" అనడం అన్యాయం.

ఇక్కడే తల్లిదండ్రులకు ఒక మాట. సారా జె. మాస్ 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' 2015లో యంగ్ అడల్ట్ (టీనేజి పిల్లల పుస్తకం) పేరుతోనే వచ్చింది, ఇప్పుడు పెద్దవాళ్ల పుస్తకంగా అమ్ముతున్నారు. శృంగార దృశ్యాలు విప్పి రాసిన సిరీస్ అది. ఎనిమిదో తరగతి పిల్లకి కొనే ముందు మీరు తిరగేసి చూడండి.

రెండోది, రచయిత ఏ దశలో ఉండగా రాశారన్నది. తొలి పుస్తకం పక్కన తొలి పుస్తకమే పెట్టాలి. క్రిస్టఫర్ పాలినీ 'ఎరగాన్' మొదలుపెట్టినప్పుడు పదిహేనేళ్ల కుర్రాడు. దాన్ని తీసుకొచ్చి అప్పటికే అనుభవం ఉన్న ఫిలిప్ పుల్‌మన్ రాసిన 'నార్తర్న్ లైట్స్' (1995) పక్కన పెడితే ఫలితం ముందే తెలుసు, నేర్చుకునేది మాత్రం ఏమీ ఉండదు.

మూడోది, ఎడిషన్. కొన్ని పుస్తకాల బ్రిటిష్, అమెరికన్ ముద్రణల్లో పేరే వేరు. 'నార్తర్న్ లైట్స్' అమెరికాలో 'ద గోల్డెన్ కంపాస్' అయింది. తొలి హ్యారీ పాటర్‌లో 'ఫిలాసఫర్స్' కాస్తా 'సోర్సరర్స్' అయింది, లోపలి మాటలు కూడా అక్కడక్కడా మారాయి. గుంపుగా చదివేటప్పుడు అందరి దగ్గరా ఒకే ముద్రణ ఉండేట్టు చూసుకోండి. కార్నీలియా ఫుంకే లాంటివారు జర్మన్‌లో రాశారు. మనం చదివే ఇంగ్లీషు వాక్యాలు అనువాదకుల చేతివి కాబట్టి వాక్యం అనే అంశంలో ఆమెను ఈ పోటీకి తేకండి. అల్లిక, లోకం వరకు పోల్చుకోవచ్చు.

నాలుగోది, కాపీ. ఫుట్‌పాత్ మీద అమ్మే పైరసీ పుస్తకాల్లో అక్షరాలు తప్పిపోవడం, పేరాలు కలిసిపోవడం, ఒక్కోసారి పేజీలే లేకపోవడం మామూలు. పేరా ఎక్కడ విరిగింది, కామా ఎక్కడుంది అని చూసే పనికి అవి పనికిరావు. చర్చ్ స్ట్రీట్‌లో బ్లోసమ్, బుక్‌వర్మ్ షాపుల్లో పాత అసలు కాపీలు తక్కువ ధరకే దొరుకుతాయి. పెన్సిల్‌తో గీసుకోవాలి కాబట్టి పాత కాపీ అయితేనే చేయి స్వేచ్ఛగా ఆడుతుంది.

3. పేజీలు ఎంచడం

ఒక్కో పుస్తకం నుంచి నాలుగు ముక్కలు తీయండి. ఒక్కోటి సుమారు ఒక పేజీ, పేజీన్నర చాలు.

- మొదటి అధ్యాయం మొదటి పేజీ
- హీరో లేదా హీరోయిన్ తమకు తెలియని లోకాన్నో వస్తువునో తొలిసారి చూసే చోటు
- ఇద్దరు గొడవపడే లేదా ఒకరి దగ్గర ఒకరు ఏదో దాచే సంభాషణ
- పుస్తకం సరిగ్గా నడిమధ్య నుంచి, ఏ ప్రత్యేకతా లేని ఒక పేజీ

ఆ చివరిది వదిలేయకండి. మొదటి పేజీని ఏ రచయితైనా ఎన్నోసార్లు దిద్దుతారు, ఎడిటర్లూ దిద్దుతారు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తున్న పేజీలో, ఎవరో అన్నం తింటున్న పేజీలో రచయిత చేయి అసలు రంగు బయటపడుతుంది. నాకు నమ్మకమైన కొలత ఆ నడిమి పేజీయే.

మీకు బాగా గుర్తున్న పేజీలు మీరే ఎంచుకోవద్దు. ఇష్టమైన రచయిత నుంచి మంచివి, ఇష్టం లేనివారి నుంచి బలహీనమైనవి తెలియకుండానే తీసేస్తాం. ఆ పని సహాయకుడికి అప్పగించండి.

4. పేర్లు తీసేయండి

సహాయకుడు ఆ ముక్కలను టైప్ చేసి, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, మంత్రాల పేర్లు తీసేసి క, చ, ట అని పెట్టాలి. ముక్క పైన అంకె తప్ప ఏమీ ఉండకూడదు. ఇది మీ ఇంట్లో మీ చదువుకోసమే, ఎక్కడా పెట్టకండి.

ఫాంటసీ రచయిత్రి ఉర్సులా లె గ్విన్ 1973లో రాసిన 'ఫ్రమ్ ఎల్ఫ్‌లాండ్ టు పొకీప్సీ' అనే వ్యాసంలో ఇలాంటి పనే చేశారు. ఒక ఫాంటసీ నవలలోని సంభాషణ తీసుకుని నాలుగు మాటలు మార్చారు. అంతే, అది వాషింగ్టన్ రాజకీయ నవలలో ముక్కలా చదువుకోవచ్చని చూపించారు. కల్పిత లోకాన్ని నిలబెట్టేది వాక్యమే గాని వింత పేర్లు కావన్నది ఆమె వాదన. మీరూ అదే చూడండి: పేర్లు తీసేశాక ఈ లోకం ఇంకా వేరే లోకంలా ఉందా, మన ఆఫీసు మాటల్లా ఉందా?

ఈ పరీక్ష పూర్తిగా కల్పిత లోకాలకే న్యాయం. రియోర్డన్ కావాలనే నేటి న్యూయార్క్‌లో గ్రీకు దేవతలను దించారు. ఆయన పేజీ నేటి కుర్రాడి మాటలా వినిపించడమే ఆయన పని.

మారతహళ్లిలో మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. పేర్లు తీసేసిన ముక్క ఒకటి చదివి వినిపించగానే, "ఇది పెర్సీయే పిన్నీ, పేరు తీసేసినా వాడి నోరు ఆగట్లేదు కదా!" అంది. గొంతు గట్టిగా ఉన్న రాత అంటే అదే. పేరు లేకపోయినా పట్టుబడుతుంది.

5. రెండుసార్లు చదవండి: ఒకసారి నోటితో, ఒకసారి పెన్సిల్‌తో

మొదట పైకి చదివి ఫోన్‌లో రికార్డు చేయండి. మన పిల్లలకు ఇంగ్లీషు పైకి చదవమంటే పాఠం అప్పజెప్పినట్టు ఒకే శ్రుతిలో చదివేస్తారు. అలా కాదు, ఎదురుగా ఒకరిని కూర్చోబెట్టుకుని కథ చెబుతున్నట్టు చదవాలి. తర్వాత విని ఇవి రాసుకోండి:

- ఎక్కడ ఊపిరి అందలేదు?
- ఎక్కడ వెనక్కి వెళ్లి మళ్లీ చదవాల్సి వచ్చింది?
- ఎక్కడ గొంతు దానంతటదే తగ్గింది, లేదా వేగం పెరిగింది?

మూడోది ముఖ్యం. మంచి వాక్యం చదివేవారి వేగాన్ని తనే నడుపుతుంది. పరుగెత్తే చోట చిన్నవవుతుంది, ఆగి చూడాల్సిన చోట సాగుతుంది. పోరాట దృశ్యంలోనూ టీ తాగే దృశ్యంలోనూ వాక్యాలు ఒకే పొడవున ఉంటే ఆ రచయిత లయ మీద పని చేయలేదని అర్థం.

రెండోసారి పెన్సిల్ పట్టుకోండి. క్రియల కింద గీత. విశేషణాల చుట్టూ సున్నా. కన్ను కాకుండా ముక్కు, చెవి, చర్మం, నాలుకకు తగిలే వివరం పక్కన నక్షత్రం. ఏమిటో చూపించకుండా రచయిత "భయంకరంగా", "అద్భుతంగా" అని తీర్పు చెప్పేసిన చోట అడ్డగీత.

గుర్తులు లెక్కపెట్టడంతో పని అయిపోదు. విశేషణాలు ఎక్కువున్నంత మాత్రాన రాత చెడ్డది కాదు. సున్నా చుట్టిన మాట తీసేసి వాక్యం మళ్లీ చదవండి. ఏమీ పోకపోతే అది బరువు. ఏదైనా పోతే అది పని చేస్తున్న మాట.

6. ఒక పోలిక చేసి చూద్దాం: తెలియని లోకాన్ని తొలిసారి చూపడం

మూడు పుస్తకాల నుంచి ఒకే పని చేసే చోట్లు తీసుకుందాం.

రౌలింగ్ తొలి పుస్తకంలో హాగ్రిడ్ గొడుగు కొసతో గోడ ఇటుకను తడితే దారి తెరుచుకుని డయగన్ ఆలీ అనే మాంత్రికుల బజారు కనిపిస్తుంది. అక్కడ ఆమె వరసగా వస్తువులు పేర్చుకుంటూ పోతారు: బొగ్గుపొయ్యి మీద పెట్టే పెద్ద బానలు, గుడ్లగూబల అరుపులు, చీపురుకట్టల షాపు అద్దానికి ముక్కులు ఆనించిన కుర్రాళ్లు. వాక్యాలు సాదావే. కానీ మందుల షాపు ముందు ఒకావిడ డ్రాగన్ కాలేయం ధర విని పిచ్చెక్కిందా అని గొణుక్కుంటూ ఉంటుంది. మన కె.ఆర్. మార్కెట్లో టమాటా ధర విని ఎవరో గొణిగినట్టే ఉంటుంది ఆ మాట. డ్రాగన్లు ఉన్నాయని, వాటి కాలేయం మందుకు వాడతారని, ఈ లోకంలో డబ్బు వేరని, ఇక్కడి జనానికి ఇదంతా రోజువారీ తద్దినమేనని ఒక్క గొణుగుడులో తెలిసిపోయింది. ఎక్కడా వివరణ లేదు. ఆమె బలం ఇక్కడుంది, అలంకారంలో కాదు.

రియోర్డన్ పెర్సీ శిబిరంలో కళ్లు తెరిచేసరికి చేతికి ఒక పానీయం ఇస్తారు. ఆపిల్ జ్యూస్ అనుకుని తాగితే అమ్మ చేసే నీలం రంగు చాక్లెట్ చిప్ కుకీల రుచి తగులుతుంది. అది దేవతల పానీయమని తర్వాత తెలుస్తుంది. ఆ క్షణంలో అమ్మ ఇక లేదనే వాడు అనుకుంటున్నాడు. ఒక్క గుటకలో లోకం గురించిన వివరమూ, పిల్లవాడి దుఃఖమూ కలిసి వచ్చాయి. జోకులేసే రచయిత అని చిన్నచూపు చూసేవాళ్లు ఈ చోటు పెన్సిల్‌తో చదవాలి.

పుల్‌మన్ 'నార్తర్న్ లైట్స్' మొదటి పేజీలో లైరా తన డీమన్‌తో చీకటి పడుతున్న హాల్లో నక్కి నడుస్తుంటుంది. డీమన్ అంటే ఏమిటో రచయిత చెప్పరు. అది ప్రస్తుతం ముదురు గోధుమరంగు చిమ్మట రూపంలో ఉందని, చీకట్లో కనబడకుండా ఉండటానికే ఆ రంగని మాత్రం చెబుతారు. "ప్రస్తుతం" అన్న మాటతో అది రూపాలు మార్చగలదని తెలిసింది. రంగు ఎంచుకున్న తీరుతో దానికి జాగ్రత్త ఎక్కువని తెలిసింది. పాఠకుడి తెలివి మీద నమ్మకం ఉన్న రాత ఇది. ముగ్గురిలో వాక్యం దగ్గర నా ఓటు ఈయనకే.

ఇంకో తేడా కూడా లెక్కలోకి తీసుకోండి. హ్యారీ, పెర్సీ ఆ లోకానికి కొత్తవాళ్లు. వాళ్లకు ఎవరో వివరించడం సహజంగా ఉంటుంది. లైరా అక్కడే పుట్టి పెరిగింది, ఆమెకు ఎవరూ వివరించరు, కాబట్టి అది రాయడం మరింత కష్టం. కష్టమైన పని ఎంచుకుని నెగ్గినందుకు కొంత మొగ్గు చూపడం న్యాయమే.

7. గొంతు పరీక్ష

ఇది ఒకరికంటే ఎక్కువమంది కథ చెప్పే పుస్తకాలకు. అధ్యాయం పైన ఉన్న పేరు కాగితంతో మూసేసి ఒక పేజీ చదివించండి. ఎవరు చెబుతున్నారో పట్టుకోగలిగారా?

రియోర్డన్ 'ద రెడ్ పిరమిడ్' (2010)లో అన్నాచెల్లెళ్లు కార్టర్, సేడీ వంతులవారీగా కథ చెబుతారు. సేడీ లండన్‌లో తాతమ్మమ్మల దగ్గర పెరిగింది, కార్టర్ తండ్రి వెంట దేశాలు తిరిగాడు. చాలా పేజీల్లో మొదటి పేరాలోనే తెలిసిపోతుంది. 'సిక్స్ ఆఫ్ క్రోస్' ఎక్కువ భాగం అయిదుగురి చూపులోంచి నడుస్తుంది. అక్కడ 'నేను' లేదు, అయినా కాజ్ అధ్యాయంలో గది ఎలా కనిపిస్తుందో ఇనేజ్ అధ్యాయంలో అలా కనిపించదు. ఎవరు దేన్ని గమనిస్తారన్నదే అక్కడ గొంతు. టోమీ అడేయెమీ 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్' (2018)లో ముగ్గురు 'నేను' అంటూ వర్తమాన కాలంలో చెబుతారు. కథలో ఉద్వేగం, వేగం నాకు చాలా నచ్చాయి. పేరు మూసేస్తే మాత్రం ముగ్గురి గొంతులూ నా చెవికి దగ్గరగానే వినిపించాయి.

ఒకే ఒక్కరు 'నేను' అంటూ చెప్పే పుస్తకాల్లో ఇంకో జాగ్రత్త. అక్కడ పేలవంగా కనిపించే వాక్యం ఆ పాత్రదా, రచయితదా? 'ద హంగర్ గేమ్స్' (2008)లో కాట్నిస్ పొడిపొడిగా మాట్లాడుతుంది. ఆకలితో పెరిగి, వేట మీద బతికే పిల్ల అలాగే మాట్లాడుతుంది. అది సుజాన్ కాలిన్స్ చేతగానితనం కాదు.

8. మాయకు లెక్క ఉందా

ఇది చిన్న మెట్టే. ఫాంటసీ రచయిత బ్రాండన్ సాండర్సన్ 2007లో ఒక నియమం రాశారు: మాయతో చిక్కును విడిపించడం ఎంత నప్పుతుందన్నది, ఆ మాయ పాఠకుడికి ఎంత అర్థమైందన్న దాని మీద ఆధారపడుతుంది. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మాయతో ఏం చేయలేరు? చేసినవాళ్లు ఏం పోగొట్టుకుంటారు? చివర్లో గట్టెక్కించిన శక్తి గురించి ముందే మనకు తెలుసా?

'ఎరగాన్'లో ఒక పనిని చేత్తో చేస్తే ఎంత శక్తి పోతుందో మంత్రంతో చేసినా అంతే శక్తి ఒంట్లోంచి పోతుంది. స్పష్టమైన, మంచి నియమం. అదే పుస్తకంలో వాక్యం మాత్రం విశేషణాలతో బరువెక్కి ఉంటుంది. మొదటి మెట్టులో ఆరింటిని ఎందుకు విడదీయమన్నానో ఇక్కడ తెలుస్తుంది.

9. మరునాడు చెప్పించుకోండి

చదివిన మరునాడు పుస్తకం ముట్టుకోకుండా ఆ ముక్కల్లో ఏముందో ఇంట్లో ఎవరికైనా తెలుగులో చెప్పండి. ఒక్కో ముక్క నుంచి ఏ వివరం దానంతటదే నోటికి వచ్చిందో రాసుకోండి. బాగుందని మీరు గీతలు గీసినది ఒకటి, గుర్తుండిపోయింది ఇంకొకటి కావచ్చు. చదివేటప్పుడు మెరిసి, తెల్లారేసరికి ఆనవాలు లేకుండా పోయే రాత చాలా ఉంది. ఈ మెట్టు దాన్ని పట్టిస్తుంది.

10. తీర్పు రాయండి, మార్కులు వేయకండి

ఆరు అంశాలకు ఆరు వాక్యాలు రాయండి. ప్రతి వాక్యంలో ఇద్దరి పేర్లూ, ఒక పేజీ నంబరూ ఉండాలి. "లోకాన్ని చూపడంలో ఫలానావారు మెరుగు, ఎందుకంటే ఈ పేజీలో వివరణ లేకుండానే ఇది తెలిసింది" అన్నట్టు. పేజీ చూపించలేని అభిప్రాయాన్ని కొట్టేయండి.

కింద విడిగా ఒక గీత గీసి "నాకు ఎవరు ఎక్కువ ఇష్టం" అన్నది రాసుకోండి. పైన ఒకరు, కింద ఇంకొకరు ఉన్నా టెన్షన్ పడక్కర్లేదు.

11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

సినిమా తలలో ఉండిపోవడం. హాగ్రిడ్ అనగానే నటుడు కనిపిస్తే రచయిత వర్ణన మీకు అక్కర్లేకుండా పోతుంది. సినిమాలో లేని దృశ్యాన్నే ముక్కగా తీయండి.

కష్టమైన ఇంగ్లీషును మంచి రాత అనుకోవడం. ఇంగ్లీషు మీడియంలో చదువుకున్న మన ఇళ్లలో ఇది బాగా పాతుకుపోయింది. పిల్లలకు డిక్షనరీ చూడాల్సిన మాటలు ఎక్కువుంటే "లాంగ్వేజ్ బాగుంది" అంటారు. 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968) తీసి ఒక పేజీ చదవండి. లె గ్విన్ వాడినవి చాలావరకు చిన్న, పాత, రోజువారీ మాటలే. వాటిని పేర్చిన తీరులో ఉంది గాంభీర్యం.

మనకు తెలిసిన కథను ఎక్కువ లేదా తక్కువ చేసి చూడటం. 'అరూ షా' మహాభారతం మీద ఆధారపడింది కాబట్టి కొందరు మురిసిపోయి మార్కులిస్తారు, కొందరు "ద్రోణుడెవరో కూడా చెప్పాలా" అని విసుక్కుంటారు. ఆ వివరణ మన కోసం కాదు. గ్రీకు పురాణం మనకు తెలియనప్పుడు రియోర్డన్ వివరణను హాయిగా చదువుకున్నాం కదా. సవరణ: మహాభారతం అసలు తెలియని స్నేహితులు ఒకరికి ఆ ముక్క ఇచ్చి, అర్థమైందా, నవ్వొచ్చిందా అని అడగండి.

ఒక చెడ్డ వాక్యం చూపించి రచయితను కొట్టేయడం. వందల పేజీల్లో ఎవరికైనా ఒకటి దొరుకుతుంది. ఒకే రకం లోపం మూడు వేర్వేరు ముక్కల్లో కనిపిస్తేనే రాసుకోండి.

రచయిత అభిప్రాయాలను రాతలో కలిపేయడం. వాళ్ల రాజకీయం నచ్చక పుస్తకం కొనకూడదనుకోవడం మీ హక్కు. పేర్లు తీసేసిన కాగితం ముందు మాత్రం దాన్ని కాసేపు ఆపండి.

12. గుంపుగా చేసేవాళ్లకు

నలుగురైదుగురు చాలు. 2023 నుంచి కబ్బన్ పార్కులో శనివారాల్లో చాపలు పరుచుకుని చదువుకునే గుంపు ఉంది. పెన్సిల్ మెట్టుకు ఆ చెట్ల కింద చాలా బాగుంటుంది. అక్కడ మౌనంగా చదువుకోవడమే పద్ధతి కాబట్టి పైకి చదివే మెట్టు ఇంట్లోనో అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో ముగించుకుని వెళ్లండి. చర్చకు కూర్చునే ముందే అందరూ తీర్పు రాసి మడతపెట్టాలి. లేకపోతే గట్టిగా మాట్లాడేవారి అభిప్రాయమే అందరిదీ అయిపోతుంది.

13. మొదటిసారి ఈ జతల్లో ఒకటి తీసుకోండి

- 'ద లైట్నింగ్ థీఫ్', 'అరూ షా': పురాణాన్ని తెలియనివాళ్లకు సరదాగా చెప్పడం. పదేళ్లు దాటిన పిల్లలతో చేయడానికి అనువైనది.
- 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ', తొలి హ్యారీ పాటర్: రెండింట్లోనూ మాయ నేర్పే బడి ఉంది. ఒకరు ఏళ్లను పేరాలో దాటిస్తారు, ఇంకొకరు పూట పూటా చూపిస్తారు. ఎవరికి ఏం కలిసొచ్చిందో చూడండి.
- 'ద హంగర్ గేమ్స్', 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్': రెండూ 'నేను' అంటూ వర్తమాన కాలంలో నడుస్తాయి. మొదటిదాంట్లో మాయ లేదు కాబట్టి లోకం అనే అంశాన్ని వదిలేయండి.
- 'షాడో అండ్ బోన్' (2012), 'సిక్స్ ఆఫ్ క్రోస్' (2015): ఒకే రచయిత, ఒకే కల్పిత లోకం, మూడేళ్ల తేడా. రచయిత అనే తేడాయే లేదు కాబట్టి ఇష్టాయిష్టాల గొడవ ఉండదు, చేయి ఎక్కడ ఎలా తిరిగిందో మాత్రమే కనిపిస్తుంది. పద్ధతి చేతికి రావడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు. ముందు దీనితోనే మొదలుపెట్టండి.